పిన్‌కోడుతో బొమ్మ: కంప్యూటర్ కళను చేత్తో చేసి అర్థం చేసుకోవడం ఎలా?

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఫ్లెక్సీలు చూసినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో పెళ్ళి కార్డుల షాపులోకి వెళ్ళినా, పొద్దున్నే వాట్సాప్ తెరిచినా మనిషి చెయ్యి పడని బొమ్మలే ఎక్కువ కనిపిస్తున్నాయి. వాటి గురించి జనం అనే మాటలు రెండే. ఒకటి "అబ్బ, ఎంత బాగుందో!" రెండోది "కంప్యూటరే కదా చేసింది, ఇందులో ఏముంది?" మొదటి మాట అనేవాళ్ళకీ, రెండో మాట అనేవాళ్ళకీ ఆ బొమ్మ ఎలా పుట్టిందో తెలియదు. తెలుసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. గళ్ళ నోటుబుక్కు, రూపాయి బిళ్ళ, లూడో పాచిక, ఇంట్లో ముగ్గులేసే మనిషి, చివర్లో ఒక కంప్యూటరు ఉంటే చాలు. ఒక ఆదివారం కేటాయించండి.

పని మొదలుపెట్టేముందు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ బొమ్మకు నియమం ఎవరు పెట్టారు? ఇందులో లాటరీకి, అంటే ఏది పడితే అదని, వదిలేసింది ఏది? వచ్చినవాటిలోంచి దీన్ని ఎవరు ఏరారు? ఏ కంప్యూటర్ బొమ్మ దగ్గరైనా ఈ మూడే అడగండి. అందంగా ఉందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

ముందు రూపాయి బిళ్ళతో

లెక్కల గళ్ళ పుస్తకంలో అడ్డంగా 10 గళ్ళు, నిలువుగా 10 గళ్ళు వచ్చేట్టు పెన్సిలుతో ఒక చదరం గీయండి. పై వరసలో ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కో గడికి ఒకసారి బిళ్ళ ఎగరేయండి. బొమ్మ పడితే ఆ గడిలో ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఏటవాలు గీత. బొరుసు పడితే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు. వంద గళ్ళూ నిండేదాకా ఇంతే. మధ్యలో "ఇక్కడ ఇటు ఉంటే బాగుండు" అని చెయ్యి లాగుతుంది, ఊరుకోండి.

పూర్తయ్యాక పుస్తకం కాస్త దూరం పెట్టి చూడండి. సందులు, మలుపులు, దారి మూసుకుపోయిన మూలలతో ఒక చిక్కుదారి కనిపిస్తుంది. మీరు చిక్కుదారి గీయాలని అనుకోలేదు, బిళ్ళకు ఆ సంగతే తెలియదు. 1982లో వచ్చిన కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటరులో ఇదే పనిని బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ఒకే ఒక్క లైను ప్రోగ్రాముతో చేసేవాళ్ళు. రెండు ఏటవాలు గుర్తుల్లో ఏదో ఒకటి అచ్చువేయి, మళ్ళీ మొదటికి వెళ్ళు, అంతే. తెర నిండా ఆగకుండా దారులు పుట్టుకొచ్చేవి.

ఇంకొక చిన్న పరీక్ష కూడా చెయ్యండి. పక్క పేజీలో బిళ్ళ లేకుండా, మీ మనసుకు తోచినట్టు వంద బొమ్మా బొరుసులు రాయండి. తర్వాత రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టండి. నిజంగా ఎగరేసిన జాబితాలో వరసగా ఆరుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో ఒకటే పడిన చోటు కనిపించే అవకాశం నూటికి 80 దాకా ఉంటుంది. మనసుతో రాసినదాంట్లో అది దాదాపు ఉండదు. నాలుగుసార్లు బొమ్మ రాయగానే మనకు టెన్షన్ పట్టుకుంటుంది, బొరుసు రాసేస్తాం. కంప్యూటర్ కళాకారులు లాటరీని పిలిచేది ఇందుకే. మన చెయ్యి అలవాటు పడ్డ దారిని వదలదు, లాటరీకి అలవాట్లు లేవు.

ఇప్పుడు నియమం మార్చండి. బిళ్ళ బదులు లూడో పాచిక వెయ్యండి. 1 నుంచి 5 దాకా ఏది పడ్డా ఒకే వైపు గీత, 6 పడితేనే రెండో వైపు. ఈసారి చిక్కుదారి రాదు. ఏటవాలుగా కురుస్తున్న వానలో అక్కడక్కడా ఒక చినుకు ఎదురు తిరిగినట్టుంటుంది. నాకైతే మొదటిదానికన్నా ఇదే నచ్చుతుంది. అస్తవ్యస్తం ఎంత తక్కువగా ఉంటే కన్ను దాన్ని అంత గట్టిగా పట్టుకుంటుంది. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారిణి వెరా మోల్నార్ ఈ మోతాదు మీదే జీవితమంతా పనిచేసింది. చేతికి కంప్యూటరు దొరకని రోజుల్లో కూడా, కంప్యూటరు ఉన్నట్టే ఊహించుకుని, నియమాలు రాసుకుని, వాటి ప్రకారం చేత్తోనే గీసేది. 1968లో నిజం కంప్యూటరు దొరికింది. 1924లో పుట్టిన ఆవిడ 2023 డిసెంబరులో పోయేదాకా ఆ పని ఆపలేదు.

తర్వాత ముగ్గు దగ్గరికి

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. అసలు సంగతి ఇందులో ఉంది.

ధనుర్మాసంలో నెల్లూరు మూలాపేట వీధుల్లోనో, మీ ఊళ్ళోనో ముగ్గు వేసేవాళ్ళు ఒకరికొకరు ముగ్గును ఎలా చెప్పుకుంటారో వినండి. "15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క" అంటారు. బొమ్మ చూపించరు, కొలతలు చెప్పరు. అవతలి మనిషికి అంతే చాలు. మధ్య వరసలో 15 చుక్కలు. దానికి పైనా కిందా, రెండు చుక్కల సందున ఒకటి చొప్పున 14. ఆపైన 13. అలా 8 దాకా. వాకిట్లో ఆరు పలకల ఆకారం తయారవుతుంది. లెక్క వేస్తే మొత్తం 169 చుక్కలు. అదే 15 నుంచి రెండేసి తగ్గిస్తూ, చుక్కకు ఎదురుగా చుక్క పెడుతూ ఒకటి దాకా వెళ్తే నాలుగు మూలల ఆకారం, 113 చుక్కలు.

ఇంట్లో పెద్దావిణ్ణి అడిగి చూడండి: "అత్తా, 15 నుంచి 8 సందు చుక్క అంటే మొత్తం ఎన్ని చుక్కలు?" "ఎవురు లెక్కబెట్టారబ్బా, వరసలు కుదిరితే చాలు" అనే జవాబే రావచ్చు. ఆ జవాబును తేలిగ్గా తీసుకోవద్దు. ఆమె దగ్గర ఉన్నది బొమ్మ కాదు, బొమ్మను పుట్టించే పద్ధతి. మొత్తం ఎంతో తెలియకపోయినా తప్పు పోదు. ప్రోగ్రాము రాసేవాళ్ళు చేసే పనీ అదే.

మెలికల ముగ్గు అయితే ఇంకా గట్టి నియమాలు. గీత చుక్కను తాకకూడదు, చుట్టూ తిరగాలి. ఏ చుక్కనూ వదలకూడదు. ఎక్కడ మొదలైందో అక్కడికే చేరాలి. చిన్నది ఒకటి, మూడు వరసల్లో మూడేసి చుక్కలతో, కాగితం మీద మీరే వెయ్యండి. రెండు చుక్కల మధ్య గీత దాటాలా, వంగి వెనక్కి రావాలా అన్న ప్రశ్న ప్రతి సందు దగ్గరా వస్తుంది. ఆ ఒక్క నిర్ణయం మారితే ముగ్గు మారిపోతుంది. కొన్నిసార్లు ఒకే గీతలో పూర్తవుతుంది, కొన్నిసార్లు రెండు మూడు విడి గీతలు తేలతాయి. ఇక్కడ కూడా బిళ్ళ ఎగరేసి చూడొచ్చు: బొమ్మ పడితే దాటు, బొరుసు పడితే వంగు. అత్తకు చూపిస్తే చాలావాటిని "ఇదేం ముగ్గు" అని పక్కన పడేస్తుంది, ఒకటో రెండో ఉంచుతుంది. మూడో ప్రశ్న గుర్తుంది కదా, ఏరడం. అది ఆమె చేసింది.

ఇది నేను కష్టపడి అతికించిన పోలిక అనుకోకండి. నెల్లూరు నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగేంత దూరంలో, తాంబరంలో ఉన్న మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1970లలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ ఇదే పని చేశారు. ముగ్గులను చూసి, వాటికి వ్యాకరణం రాశారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టే, గళ్ళలో పేర్చిన బొమ్మలకూ ఉంటుందని, దాన్ని కంప్యూటరుకు చెప్పొచ్చని 1974లో పరిశోధన వ్యాసం వేశారు. కంప్యూటర్ కళ అనగానే అమెరికా, జర్మనీ అని మొదలుపెట్టేవాళ్ళకు ఈ ముక్క చెప్పండి.

వ్యాకరణం అంటే ఎలా ఉంటుందో పలక మీద చూసుకోవచ్చు. మార్కాపురం రాతి పలక ఇంట్లో ఇంకా మిగిలుంటే మరీ మంచిది. రెండే నియమాలు: "అ" కనిపిస్తే "అఆ" రాయి. "ఆ" కనిపిస్తే "అ" రాయి. మొదట "అ" తో మొదలుపెట్టండి.

అ
అఆ
అఆఅ
అఆఅఅఆ
అఆఅఅఆఅఆఅ

అక్షరాలు లెక్కపెట్టండి: 1, 2, 3, 5, 8. ప్రతి వరసా ముందు రెండు వరసల మొత్తం. ఆల్గే అనే నాచు ఎలా పెరుగుతుందో చెప్పడానికి అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త 1968లో కనిపెట్టిన పద్ధతి ఇది. అక్షరాల బదులు "ముందుకు గీయి", "కుడికి తిరుగు", "కొమ్మ వేయి" అని పెడితే తెర మీద చెట్లు మొలుస్తాయి. సినిమాల్లో, వీడియో గేముల్లో కనిపించే కంప్యూటర్ అడవులకు మూలం ఇలాంటి పద్ధతులే.

వెంకటగిరి వైపు వెళ్ళే పని పడితే జాకార్డు మగ్గం కూడా ఒకసారి చూసి రండి. చీర అంచులో ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండాలో రంధ్రాలు పొడిచిన అట్టలు చెబుతుంటాయి. 1804లో ఫ్రాన్సులో జాకార్డు అనే ఆయన తయారుచేసిన ఈ ఏర్పాటు చూసే ఇంగ్లీషు గణితవేత్త ఛార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలనుకున్నాడు. కంప్యూటరు నేత నుంచి ఒక మెట్టు ఎక్కి వచ్చిందే.

ఇప్పుడు కంప్యూటరు

డబ్బులు పెట్టి ఏదీ కొనొద్దు. పీ5 జేఎస్ అనే ఉచిత సాధనం బ్రౌజరులోనే నడుస్తుంది. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై కళాకారుల కోసం ప్రాసెసింగ్ అనే భాష తయారుచేశారు. దాని స్ఫూర్తితో లారెన్ మెకార్తీ బ్రౌజరు కోసం చేసింది పీ5. దాని వెబ్ ఎడిటర్ తెరిస్తే ఎడమ పక్క రాసుకునే చోటు, కుడి పక్క బొమ్మ పడే చోటు ఉంటాయి. ఫోనులో కూడా తెరుచుకుంటుంది గానీ, అంత చిన్న తెర మీద కామాలు, బ్రాకెట్లు వెతుక్కోవడం చిరాకు. లాప్‌టాపో, ఇంటర్నెట్ సెంటరో నయం.

మొదటి ప్రోగ్రాముగా జర్మన్ గణితవేత్త గియోర్గ్ నీస్ 1968 ప్రాంతంలో చేసిన "షోటర్" అనే బొమ్మను మళ్ళీ కట్టండి. పేరుకు అర్థం కంకర. అడ్డంగా 12, నిలువుగా 22 చదరాలు, అంటే 264. పై వరసలో బుద్ధిగా నిలబడి ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ఒరుగుతూ, జరుగుతూ, అడుగుకు చేరేసరికి లారీ నుంచి కుమ్మరించిన కంకర అయిపోతాయి. నియమాన్ని ముందు మన మాటల్లో రాసుకోండి:

కాన్వాసు (బొమ్మ పడే చోటు) వెడల్పు 600 పిక్సెల్స్, ఎత్తు 1000. చుట్టూ 60 వదిలెయ్యి.
వరస 0 నుంచి 21 దాకా, ప్రతి వరసలో గడి 0 నుంచి 11 దాకా తిరుగు.
ఒక్కో గడి 40. ఆ గడి మధ్యకు జరుగు.
మైనస్ 1కీ 1కీ మధ్య ఒక రాండమ్ సంఖ్య (లాటరీలో వచ్చినట్టు ఏదో ఒకటి) తీసుకో. వరస సంఖ్యతో, 0.04తో గుణించు. అంత కోణం తిరుగు.
ఇంకో రెండు రాండమ్ సంఖ్యలు తీసుకో. వరస సంఖ్యతో, 0.6తో గుణించు. అడ్డంగా, నిలువుగా అంత జరుగు.
40 కొలతతో చదరం గీయి.

ఈ ఆరు మాటలనూ పీ5 ఆజ్ఞల్లోకి మార్చుకోవడానికి దాని వెబ్‌సైటులోనే వివరణలు ఉన్నాయి. కొత్తవాళ్ళు సాధారణంగా ఇరుక్కునే చోట్లు మాత్రం చెబుతాను. రొటేట్ అన్నప్పుడు పీ5 చదరాన్ని దాని మధ్య నుంచి తిప్పదు, కాగితం మొత్తాన్ని ఎడమ పై మూల పట్టుకుని తిప్పుతుంది. అందుకే ముందు ట్రాన్స్‌లేట్‌తో గడి మధ్యకు వెళ్ళాలి, చదరాన్ని మధ్య నుంచి కొలిచేట్టు రెక్ట్‌మోడ్ మార్చాలి. ప్రతి చదరానికీ ముందు పుష్ (ఇప్పుడున్న స్థితి గుర్తుపెట్టుకో), తర్వాత పాప్ (ఆ స్థితికి తిరిగి వెళ్ళు) పెట్టకపోతే తిప్పింది తిప్పినట్టే పేరుకుపోయి చదరాలు తెర దాటి వెళ్ళిపోతాయి. కోణం డిగ్రీల్లో ఉండదు, 180 డిగ్రీలంటే సుమారు 3.14. ఇంకోటి, డ్రా అనే భాగం మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది కాబట్టి చదరాలన్నీ పూనకం వచ్చినట్టు ఊగిపోతాయి. నోలూప్ పెడితే ఒక్కసారి గీసి ఆగుతుంది.

బొమ్మ వచ్చాక 0.04ను 0.01 చేసి చూడండి, 0.2 చేసి చూడండి. వరస సంఖ్య బదులు గడి సంఖ్యతో గుణిస్తే గందరగోళం పై నుంచి కిందికి కాకుండా ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది. నీస్ చేసిన అసలు ఎంపిక ఏమిటో అప్పుడు తెలుస్తుంది. చదరం ఎవరైనా గీస్తారు. గందరగోళాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత మెల్లగా పెంచాలి అన్నది ఆయన సొంతం.

సీడు అనే తాళం

రన్ నొక్కిన ప్రతిసారీ కొత్త బొమ్మ వస్తుంది. బాగున్నది ఒకటి వచ్చి, మళ్ళీ నొక్కగానే పోతుంది. దానికి మందు సీడు. ఈ రాండమ్ వెనక నిజమైన లాటరీ లేదు. ఒక సంఖ్య ఇస్తే కంప్యూటరు దాన్నుంచి లెక్క కట్టి, చూడ్డానికి లాటరీలా కనిపించే సంఖ్యల వరస ఇస్తుంది. ఆ మొదటి సంఖ్యే సీడు. అదే సీడు ఇస్తే మళ్ళీ అదే వరస, అదే బొమ్మ.

రాండమ్‌సీడ్ అన్నచోట నెల్లూరు పిన్‌కోడు 524001 ఇవ్వండి. బొమ్మ దాచుకోండి. తర్వాత ఒంగోలు 523001 ఇవ్వండి. రెండు ఊళ్ళకు రెండు కంకర కుప్పలు. మీ మేనమామ ఊరి పిన్‌కోడుతో కూడా చెయ్యండి. పిల్లలకు సీడు సంగతి ఎంత చెప్పినా ఎక్కదు, తమ ఊరి బొమ్మ వచ్చిందనగానే ఎక్కుతుంది. ఒక జాగ్రత్త ఏమిటంటే నాయిస్ వాడితే దానికి నాయిస్‌సీడ్ విడిగా ఇవ్వాలి, రాండమ్‌సీడ్ దాన్ని పట్టించుకోదు.

నాయిస్ అంటే ఏమిటో కూడా ఇక్కడే చూడాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు పలక ఒకటి పాలిష్ పట్టింది ఎదురుగా ఉందనుకోండి. నల్లటి రాయి మీద బంగారు చుక్కలు ఒకచోట గుంపుగా, ఒకచోట ఖాళీగా ఉంటాయి. తెర మీద 500 చుక్కలు రాండమ్‌గా వెదజల్లినా దాదాపు అలాగే కనిపిస్తుంది. సమంగా పరిచినట్టు ఉండదు. ఏ చుక్కకూ పక్క చుక్కతో సంబంధం లేదు కాబట్టి గుంపులు వాటంతటవే పడతాయి. కానీ మబ్బు, కొండ, నది మీద అల లాంటివి గీయాలంటే పక్కపక్క విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి. కెన్ పెర్లిన్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త 1980లలో దానికో పద్ధతి కనిపెట్టాడు. దాన్నే పెర్లిన్ నాయిస్ అంటారు. సినిమా రంగానికి అంతగా పనికొచ్చినందుకు 1997లో ఆయనకు ఆస్కార్ వాళ్ళు సాంకేతిక పురస్కారం ఇచ్చారు. మీ ప్రోగ్రాములో రాండమ్ తీసి నాయిస్ పెట్టి చూస్తే చదరాలు కంకరలా కాక, గాలికి ఊగే వరిచేనులా కలిసి ఒరుగుతాయి.

పాత బొమ్మల దగ్గర కాసేపు

చేత్తో ఇంత చేశాక, పేరున్న బొమ్మలను ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. ఇప్పుడు కన్ను వేరేగా పనిచేస్తుంది. 1965లో జర్మనీలో నీస్, ఫ్రీడర్ నాకె, అమెరికాలో మైకేల్ నోల్ కంప్యూటరు బొమ్మలను మొదటిసారి గోడలకు తగిలించారు. ముగ్గురిలో ఒక్కరూ చిత్రకళ చదివి వచ్చినవాళ్ళు కాదు. నోల్ చేసిన ప్రయోగం ఒకటి నాకు ఇప్పటికీ తమాషాగా అనిపిస్తుంది. డచ్చి చిత్రకారుడు పీట్ మోండ్రియన్ 1917లో వేసిన గీతల చిత్రం ఫొటోకాపీ, అదే ధోరణిలో కంప్యూటరు గీసిన బొమ్మ కాపీ వందమందికి చూపించాడు. 59 మందికి కంప్యూటరుదే నచ్చింది. మోండ్రియన్‌ది ఏదో సరిగ్గా చెప్పింది 28 మందే. గీతలు అస్తవ్యస్తంగా ఉంటే మనిషి పని అనీ, పద్ధతిగా ఉంటే యంత్రం పని అనీ జనం అనుకున్నారు. మోండ్రియన్ పద్ధతి మనిషి కావడంతో లెక్క తలకిందులైంది.

హెరాల్డ్ కోహెన్ కథ ఇంకో దారి. ఆయన అసలు చిత్రకారుడు, 1966లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున చిత్రాలు పెట్టినవాడు. 1970లలో ఆరన్ అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టి 2016లో పోయేదాకా దాన్ని పెంచుతూనే ఉన్నాడు. ముందు గీతలు, తర్వాత రాళ్ళూ ఆకులూ, ఆ తర్వాత మనుషులు. ఆకు కొమ్మకు ఎలా అంటుకుంటుంది, మనిషి చెయ్యి ఎంతదాకా వంగుతుంది, ఒక్కొక్కటీ ఆయనే నియమంగా రాశాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాతి మాటకు పనికొస్తుంది.

ఏఐ బొమ్మకు ముగ్గు పరీక్ష

ఇప్పుడు ఫ్లెక్సీల మీద కనిపించే ఏఐ బొమ్మల సంగతి. వీటిలో నియమం ఎవరూ రాయలేదు. కోట్లకొద్దీ బొమ్మలు, వాటి కింది మాటలు చూపించి, యంత్రం చేతే నేర్పించారు. ఎక్కువగా వాడే డిఫ్యూజన్ పద్ధతిలో ముందు మంచి బొమ్మ మీద కొంచెం కొంచెంగా చుక్కల మసక చల్లుతారు, చివరికి ఏమీ కనిపించనంతగా. ఆ మసకను తీసెయ్యడం యంత్రానికి నేర్పుతారు. నేర్చాక ఉత్త మసక ఇచ్చి, "పెన్నా ఒడ్డున సాయంత్రం" లాంటి ప్రాంప్టు ఇస్తే, ఆ మాటకు తగ్గట్టు మసక తీసుకుంటూ తీసుకుంటూ ఒక బొమ్మ తేలుస్తుంది. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అందరికీ అందుబాటులోకి వచ్చాక ఇది వీధికెక్కింది. మొదటి మసక ఎలా ఉండాలో నిర్ణయించేది ఇక్కడా సీడే.

వేళ్ళు లెక్కపెట్టి ఏఐ బొమ్మను పట్టుకోవచ్చని చాలామంది ఇంకా చెబుతుంటారు. ఆ చిట్కాకు కాలం చెల్లుతోంది. ఆరు వేళ్ళ చేతులు బాగా తగ్గిపోయాయి. బొమ్మలోని బోర్డుల మీద తెలుగు అక్షరాలు చూడటం అంతకన్నా నయం. వత్తులు, గుణింతాల దగ్గరికి వచ్చేసరికి కొన్ని సాధనాలు ఇంకా తడబడుతున్నాయి. కానీ అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా పనికొచ్చేది ముగ్గు పరీక్ష. మీకు అందుబాటులో ఉన్న బొమ్మల ఏఐని "15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క, మెలికల ముగ్గు" అని అడగండి. తెలుగులో కుదరకపోతే ఇంగ్లీషులో వివరంగా అడగండి.

సాధారణంగా వచ్చే బొమ్మ తొలి చూపుకు అదిరిపోతుంది. ఎర్రమన్ను అలికిన వాకిలి, తెల్లటి పిండి, పక్కన గొబ్బెమ్మ, పొద్దుటి ఎండ కూడా. ఇప్పుడు వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టండి. ఒక వరసలో 13, దాని ఎదుటి వరసలో 11. గీతను పట్టుకుని వెళ్ళండి, మూడో మలుపులో రెండుగా చీలిపోతుంది, లేదంటే ఎక్కడికీ పోకుండా ఆగిపోతుంది. ఆ యంత్రానికి ముగ్గు ఎలా కనిపిస్తుందో తెలుసు, ముగ్గు ఎలా వేస్తారో తెలియదు. మీ అత్తకు రెండూ తెలుసు. పీ5లో మీరు రాసిన ప్రోగ్రాముకు వేసే పద్ధతి తెలుసు, దానికి వాకిలీ ఎండా తెలియవు. నియమం రాసి చేసే కంప్యూటర్ కళకూ, నేర్పించిన ఏఐ బొమ్మకూ తేడా నేను ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేను. కొత్త సాధనాల్లో కొన్ని వెనక ప్రోగ్రాము రాసి మరీ బొమ్మ ఇస్తున్నాయి, అవి లెక్క తప్పకపోవచ్చు. అప్పుడవి మీ పీ5 పక్షాన ఉన్నట్టు.

అందువల్ల ఏఐ బొమ్మ పనికిరానిదని నేననను. మూడు ప్రశ్నల్లో బరువు ఎటు పడుతుందో మారుతుంది, అంతే. నియమం మీది కాదు కాబట్టి, మీరు చేసిందల్లా అడగడం, ఏరడం, దిద్దడం. వందలకొద్దీ వేయించి, ఒకటి ఏరి, దాన్ని గంటలకొద్దీ సరిచేసినవాళ్ళు ఉన్నారు. ఒక్క మాట కొట్టి వచ్చిందే ఫ్లెక్సీకి పంపినవాళ్ళూ ఉన్నారు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. 2018 అక్టోబరులో క్రిస్టీస్ వేలంలో ఒక యంత్రం బొమ్మ 4,32,500 డాలర్లకు పోయింది. మూలలో కళాకారుడి సంతకం ఉండాల్సిన చోట ఒక గణిత సూత్రం వేశారు. సూత్రం సంతకం పెట్టదు. బొమ్మలు ఏరింది, ఏ బొమ్మలు చూపించి నేర్పాలో తేల్చింది మనుషులే. నాకది ప్రచారపు ఎత్తుగడగానే అనిపిస్తుంది.

ఎవరిది ఈ బొమ్మ?

మన దేశ కాపీరైటు చట్టం 1957 నాటిది. 1994 సవరణలో కంప్యూటరు ద్వారా పుట్టిన రచనకు కర్త ఎవరంటే "ఆ రచన పుట్టడానికి కారణమైన వ్యక్తి" అనే అర్థంలో ఒక మాట చేర్చారు. మీరు సొంతంగా రాసిన పీ5 ప్రోగ్రాము విషయంలో పేచీ తక్కువ. ఏఐ సాధనం దగ్గర "కారణమైన వ్యక్తి" ప్రాంప్టు కొట్టినవాడా, యంత్రం కట్టిన కంపెనీయా అన్నచోట చిక్కు వస్తుంది. అమెరికాలో అయితే మనిషి సృజన లేని భాగానికి కాపీరైటు ఇవ్వడం లేదు. 2022లో కొలరాడో రాష్ట్ర సంతలో బహుమతి కొట్టిన ఏఐ బొమ్మకు అక్కడి కాపీరైటు ఆఫీసు 2023లో రిజిస్ట్రేషన్ నిరాకరించింది. అమ్మకానికో, షాపు లోగోకో ఏఐ బొమ్మ వాడేముందు ఆ సాధనం షరతులు చదవండి. బతికున్న చిత్రకారుడి పేరు ప్రాంప్టులో పెట్టి "ఆయనలాగే వెయ్యి" అని అడగడం చట్టం సంగతి ఎలా ఉన్నా మర్యాద కాదు.

అచ్చు వేయించాలంటే ఏ3 కాగితానికి బొమ్మ కనీసం 3508 అడ్డం, 4961 నిలువు పిక్సెల్స్ ఉండేట్టు దాచండి. 600 కాన్వాసును షాపులో సాగదీయిస్తే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. ప్రోగ్రాములోనే కొలతలు పెంచుకోవడం మేలు, సొంత నియమం ఉన్నందుకు ఆ మాత్రం లాభం ఉండాలి కదా.

స్కూలు ప్రదర్శనలో పెట్టినా, ఇంటి గోడకు తగిలించినా బొమ్మ కింద ఒక చిన్న చీటీ అంటించండి. చూసేవాళ్ళు మొదట అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి. నమూనా ఇదిగో:

కంకర, నెల్లూరు. గియోర్గ్ నీస్ "షోటర్" పద్ధతిని అనుసరించి.
నియమం: 12 గళ్ళు, 22 వరసలు, కిందికి వచ్చేకొద్దీ ఒరుగుడు ఎక్కువ.
లాటరీ: కోణం, జరుగుడు. సీడు 524001.
ఏరినది: 0.01 నుంచి 0.2 దాకా వేసి చూసి, 0.04 ఉంచాం.
చేత్తో దిద్దినది: ఏమీ లేదు. ఏఐ: వాడలేదు.